ఒకే పాట, నాలుగు చేతుల్లో

విజయనగరం

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

"నువ్వు చెప్పావని ఆ పాతకాలపు యూరప్ సంగీతం, బరోక్, పెట్టాను పెద్దమ్మా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, నిద్రొచ్చేసింది" అన్నావు మొన్న ఫోన్‌లో. ఏం విన్నావురా అంటే మూడు గంటల ప్లేలిస్ట్ అన్నావు. నిద్ర రాక ఏమవుతుంది! ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే పని చేశాను. బరోక్ పాటలన్నీ కలిపి కూర్చిన కేసెట్ ఒకటి కొని, రెండు వైపులా ఏకబిగిన వినేశాను. పెళ్ళింట్లో భోజనాల హడావుడిలో సన్నాయి విన్నట్టయింది. మోగుతోందని తెలుసు, ఏం మోగుతోందో తెలీదు.

ఈసారి ఒక్క పాటే పట్టుకో. దాన్నే నాలుగు రకాలుగా విను. ఒకే కీర్తన గాత్రంలో, వీణ మీద, సన్నాయిలో విని పోల్చుకోవడం మన ఇంట్లో అలవాటే కదా, ఇదీ అంతే.

ముందు పాకెల్బెల్ అనే జర్మన్ ఆయన రాసిన కానన్, అంటే ఒకే పాటని ఒకరి వెనక ఒకరు అందుకునే రచన. లిఫ్టుల్లో, రిసెప్షన్లలో వినీ వినీ విసుగొచ్చి ఉంటుంది, నాకు తెలుసు. అయినా విను. అసలు రాసింది మూడు వయొలిన్లకి, కింద బాస్‌కి, అంటే చెల్లో లాంటి మంద్ర వాయిద్యానికి. డి శ్రుతి పెట్టుకుని బాస్‌తో పాటు పాడు: స ప ద గ మ స మ ప. పై షడ్జమంలో మొదలై మెట్లు దిగినట్టు దిగి, చివర మళ్ళీ పంచమానికి ఎక్కుతుంది. అంతే, ఆ ఎనిమిది స్వరాలే 28 సార్లు. చెల్లో వాయించేవాడికి పాపం ఇంకేమీ లేదు. మొదటి వయొలిన్ రెండో ఆవృత్తంలో అందుకుంటుంది. అదే పాటని రెండోది ఒక ఆవృత్తం ఆగి, మూడోది ఇంకో ఆవృత్తం ఆగి ఎత్తుకుంటాయి. ఒకసారి బాస్ మాత్రమే పట్టుకుని విను, మరోసారి ఒక్క వయొలిన్ వెంటే పో. ఆ తర్వాత దీన్నే పియానో మీద పెట్టు. ఒకదాన్నొకటి తరుముతున్న మూడు గొంతులు ఒకే గొంతులా కలిసిపోయే చోట్లు నీకే తెలుస్తాయి.

ఇది ఓనమాలు. అసలు విందు బాఖ్ అనే జర్మన్ మహానుభావుడి షకోన్, ఒకే ఎత్తుగడని మార్చి మార్చి వాయించే రచన. ఒంటరి వయొలిన్‌కి రాసిన డి మైనర్ పార్టిటాలో (నాట్యగతుల మాలిక అనుకో) చివరి భాగం, ఆయన స్వదస్తూరీ ప్రతి మీద 1720 అని ఉంది. నాలుగు బార్ల (తాళం ఆవర్తాల్లాంటివి) చిన్న ఎత్తుగడ 60 సార్లకు పైగా రూపం మార్చుకుంటూ పావుగంట నడుస్తుంది. ముందు వయొలిన్ మీదే వినాలి, ఈ వరస మాత్రం తప్పొద్దు. నాలుగు తీగల మీదా ఒకేసారి కమాను ఆనదు. అందుకే నాలుగు స్వరాలు కలిసి రావలసిన చోట కింది రెండూ ముందు చిరుక్కున పలికి, పై రెండూ తర్వాత నిలుస్తాయి. ఆ తెగిన చప్పుడులో ఒక పెనుగులాట ఉంటుంది. మిగతా స్వరాలు మన చెవే ఊహించుకుని నింపుకుంటుంది.

తర్వాత దీన్నే బ్రామ్స్ అనే తర్వాతి కాలపు స్వరకర్త పియానోకి మార్చి రాసింది పెట్టు. పది వేళ్ళుంటే ఇదంతా సునాయాసం కదా? అందుకే ఆయన కుడిచేతిని కట్టేసి ఎడమచేతికి మాత్రమే రాశాడు, అదీ ఒక స్థాయి కిందికి దించి. వయొలిన్ వాడు పడే అవస్థ పియానో వాడూ పడాలి. 1877లో దాన్ని తన స్నేహితురాలు, పియానో విద్వాంసురాలు క్లారా షూమన్‌కి పంపేసరికి ఆవిడ కుడిచేతి నరం పట్టేసి బాధపడుతోందిట! ఇదే షకోన్‌ని పియానోకి మార్చిన ఇంకో ఆయన, బుసోనీ ఏమో రెండు చేతులూ, పెడలూ వాడేసి ఆర్గన్ మోగినట్టు చేశాడు. ఘనంగానే ఉంటుంది. నాకు మాత్రం బ్రామ్స్‌దే ఇష్టం. బుసోనీలో ఆ పెనుగులాట లేదు.

నువ్వు గిటార్ నేర్చుకుంటున్నావు కాబట్టి స్పెయిన్ గిటార్ విద్వాంసుడు సెగోవియాది చివరికి ఉంచాను. 1935లో పారిస్‌లో మొదటిసారి గిటార్ మీద వాయించాడు. మధ్యలో బాఖ్ వట్టి కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) రాసి పక్కన "అర్పెజ్జో" అని, అంటే ఆ స్వరాల్ని ఒక్కొక్కటిగా విడదీసి వాయించమని, వదిలేసిన చోటు ఒకటుంది. అక్కడ విను, గిటార్‌కే పుట్టిన పాటలా ఉంటుంది. కానీ వయొలిన్ లాగి నిలబెట్టే దీర్ఘ స్వరం గిటార్ మీద ఆరిపోతుంది. మేజర్‌లోకి, అంటే సాధారణ గాంధారం బదులు అంతర గాంధారంలోకి, తిరిగే మధ్యభాగంలో ఆ లోటు బాగా తెలుస్తుంది.

స్వరం ఆరిపోవడం హార్ప్సికార్డులోనూ ఉంది, అది పియానోకి ముందుకాలపు మెట్ల వాయిద్యం. దాన్ని గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా చప్పుడు దాదాపు ఒకటే, లోపల చిన్న ములుకు తీగని మీటుతుంది. వీణ మీద మీటు ఆరిపోయేలోపు మనం గమకంతో బతికించుకుంటాం, వాళ్ళు ట్రిల్లులతో, అంటే పక్కపక్క స్వరాల్ని గబగబా మార్చి మార్చి. ఆ టకటక మొదట్లో చిరాగ్గా ఉంటుంది. ఒక వారం ఓపిక పట్టు.

"అసలు వాయిద్యం మీద తప్ప వినకూడదు" అనే పెద్దమనుషులు నీకూ తగులుతారు. వాళ్ళతో వాదించకు. ఇటలీ ఆయన వివాల్డి నాలుగు వయొలిన్లకి, వెనక బృందానికి రాసిన కాన్చెర్టోని బాఖే నాలుగు హార్ప్సికార్డులకి మార్చుకున్నాడు. తన మూడో వయొలిన్ పార్టిటా ప్రెల్యూడ్‌ని (మొదటి భాగం) 1731లో ఒక కంటాటాకి (గాయకులూ వాయిద్యాలూ కలిసిన చర్చి రచన) ఆర్గన్ మీద ఎక్కించి, పక్కన ట్రంపెట్లు పెట్టాడు. ఆ ప్రెల్యూడే ఇళయరాజా 1986 ఆల్బమ్‌లో నువ్వు ఎప్పుడో విన్నది. ఆ ఆల్బమ్‌ని త్యాగరాజుకీ బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చాడాయన.

ఒక్క సంగతి మరిచాను. పాతకాలపు పద్ధతిలో వాయించే బృందాలు చాలామటుకు అర స్వరం కిందికి శ్రుతి చేసుకుంటాయి, ఎ స్వరం సెకనుకి 440 కంపనాల బదులు 415. నువ్వు గిటార్ కలిపి వాయించబోతే ఎక్కడా కుదరదు. ట్యూనర్ పాడైందని కొత్తది కొనేవు!

సంక్రాంతికి వచ్చేటప్పుడు గిటార్ తెచ్చుకో. నా బొబ్బిలి వీణకి కొత్త తీగలు వేయించాను. స ప ద గ మ స మ ప నేను పట్టుకుంటాను, పైన వయొలిన్ పాట నువ్వు వాయిద్దువు గాని. 28 సార్లు లెక్కపెట్టే పని మీ పెదనాన్నది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ