బీఎస్సీ విద్యార్థి ఎనిమిది వారాల వేసవి ప్రాజెక్టులో గ్యాస్ లేజర్ తయారు చేయగలడా?

చేయొచ్చు. బీఎస్సీ రెండో ఏడాది పరీక్షలు రాశాక బెంగళూరులో ఒక ల్యాబ్‌లో నేను చేసింది ఇదే, నాకూ ఎనిమిది వారాలే ఇచ్చారు. హీలియం–నియాన్, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ మూడింట్లో ఒకటి ఎంచుకోమని మీ గైడ్ గారు అన్నారని రాశారు కదా, నైట్రోజన్ తీసుకోండి.

హీలియం–నియాన్ మీద నాకూ ఆశ ఉండేది. 1960 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మొట్టమొదటి గ్యాస్ లేజర్ అదే. కానీ దాని ట్యూబులో కాంతి ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్తే పెరిగేది చాలా కొద్ది శాతమే. అందుకే అద్దాలు దాదాపు మొత్తం కాంతిని వెనక్కి పంపేవి కావాలి, అవి రెండూ కచ్చితంగా ఎదురెదురుగా నిలవాలి. గాజు పని, వాక్యూమ్, అలైన్‌మెంట్‌కే వేసవి అయిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఇచ్చే 10.6 మైక్రాన్ల కాంతి మామూలు గాజు దాటదు, దానికి ఖరీదైన కిటికీలు కావాలి. నైట్రోజన్‌లో కాంతి ఎంత వేగంగా పెరుగుతుందంటే అద్దాలు లేకుండానే లేజర్ వస్తుంది. గదిలో గాలి 78 శాతం నైట్రోజనే కాబట్టి సిలిండర్ లేకుండా కూడా మొదలుపెట్టొచ్చు.

నేను కట్టింది ఇలా ఉండేది. కింద ఒక అల్యూమినియం రేకు, దాని మీద 100 మైక్రాన్ల పాలియెస్టర్ షీట్లు రెండు, పైన పక్కపక్కనే 30 × 20 సెంటీమీటర్ల రేకులు రెండు. వాటి మీద అంచులు ఎదురెదురుగా రెండు అల్యూమినియం బద్దలు, మధ్యలో మిల్లీమీటరున్నర సందు. పై రేకులు రెంటినీ ఒక చిన్న కాయిల్ కలుపుతుంది. ఒక రేకు దగ్గర స్పార్క్ గ్యాప్, అంటే వోల్టేజ్ ఒక హద్దు దాటగానే రవ్వ దూకి స్విచ్‌లా పనిచేసే చిన్న ఖాళీ. హై వోల్టేజ్ సప్లై రేకుల్ని ఛార్జ్ చేస్తుంది. సుమారు 10 కిలోవోల్టుల దగ్గర గ్యాప్ పేలగానే ఆ రేకు వోల్టేజ్ పడిపోతుంది, కాయిల్ అంత త్వరగా స్పందించలేదు కాబట్టి తేడా అంతా బద్దల మధ్య సందు మీద పడుతుంది. లేజర్ కాంతి పుట్టేది ఆ సందులోని నైట్రోజన్‌లోనే.

వినడానికి ఇంతే. నాలుగు వారాలు నాకు తెల్లటి నిప్పురవ్వలు తప్ప ఏమీ రాలేదు. అంచులు మళ్ళీ మళ్ళీ ఆకురాయితో రుద్దాను, సందు మార్చాను, వోల్టేజ్ పెంచి ఒక షీటు కాల్చుకున్నాను. రాత్రి హాస్టల్‌కి వచ్చాక నిద్ర పట్టేది కాదు, అంత టెన్షన్.

దారి చూపింది అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఒక తెలుగు అక్క. సర్క్యూట్ చూసి, "ఈ తీగ పొడవెంత?" అని అడిగింది. స్పార్క్ గ్యాప్‌ను నేను 10 సెంటీమీటర్ల తీగతో కలిపాను. అలాంటి తీగకు సుమారు 100 నానో హెన్రీల ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది. నా ఒక్కో రేకు కెపాసిటెన్స్ (ఛార్జ్ నిల్వ చేసే సామర్థ్యం) 8 నానో ఫారడ్లు. లెక్కేస్తే వోల్టేజ్ మారడానికే 40 నానో సెకన్లు దాటుతోంది. లేజర్ రావాలంటే కింది శక్తి స్థాయిలో కన్నా పై శక్తి స్థాయిలో ఎక్కువ అణువులు ఉండాలి. మామూలు వాతావరణ పీడనంలో నైట్రోజన్ అణువులు పై స్థాయిలో నిలిచేది ఒకటి రెండు నానో సెకన్లే. కింది స్థాయి మాత్రం మైక్రో సెకన్ల పాటు ఖాళీ కాదు. అంటే నా కరెంటు వచ్చేసరికే లేజర్ అవకాశం అయిపోతోంది. క్లాసులో తీగ అంటే గీత, అంతే. అది కూడా ఒక పరికరమేనని నాకు ఆ రోజే అర్థమైంది. మీరు చేయబోయే పనిలో గ్యాస్ కన్నా ఈ వేగమే ముఖ్యం, సగం సమయం దానికే కేటాయించండి.

తీగ తీసేసి స్పార్క్ గ్యాప్‌ను నేరుగా రేకు మీదే కూర్చోబెట్టాం. ఆరో వారం, బయట వాన. గాలిలో తేమకి రవ్వలు ఎక్కువయ్యేసరికి సన్న పైపుతో సందులోకి పొడి నైట్రోజన్ వదిలాం. సందు పొడవునా లేత ఊదారంగు వెలుగు సమంగా పరుచుకుంది. మీటరు దూరంలో పెట్టిన తెల్ల కాగితం మీద నీలి మచ్చ టకటకా కొట్టుకుంది. 337.1 నానోమీటర్ల కిరణం కంటికి కనబడదు, కాగితంలోని మెరుపు రసాయనం వెలిగితేనే తెలుస్తుంది. ఆ మచ్చని ఎంతసేపు చూశానో గుర్తులేదు.

భద్రత మాత్రం మొదటి రోజు నుంచే. ఆ రేకుల్లో దాదాపు ముప్పావు జూల్ శక్తి ఉంటుంది, సప్లై ఆపినా పోదు. ఇన్సులేటెడ్ పిడి ఉన్న ఎర్త్ కడ్డీతో తాకించాకే చెయ్యి పెట్టండి. ఒంటరిగా ఎప్పుడూ ఆన్ చేయకండి. అతినీలలోహిత కాంతిని ఆపే కళ్ళద్దాలు తప్పనిసరి, కిరణానికి ఎదురుగా కన్ను పెట్టకండి. ఓజోన్ వాసన వస్తుంది, ఎగ్జాస్ట్ వేయండి.

మీ ల్యాబ్‌లో హై వోల్టేజ్ సప్లై ఎన్ని కిలోవోల్టులు, ఎన్ని మిల్లీ ఆంపియర్లు ఇస్తుందో కింద రాయండి. రేకు సైజు, షీటు మందం లెక్క వేసి చెప్తాను.