జిజున్ ఎందుకు తిరిగి వెళ్లింది?

చైనా రచయిత లూ షున్ రాసిన ‘రిగ్రెట్ ఫర్ ది పాస్ట్’ కథలో, ప్రేమించినవాడి కోసం ఇల్లు వదిలిన జిజున్ చివరికి తండ్రి వెంటే వెళ్లిపోయింది కదా, ఆ రచయిత ఆడవాళ్ల స్వేచ్ఛకు వ్యతిరేకమా అని అడిగారు. కాదండీ. ఆ కథ 1925 నాటిది. 1923 డిసెంబరులోనే ఆయన బీజింగ్‌లో విద్యార్థినుల ముందు మాట్లాడుతూ, ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’లో నోరా భర్తను వదిలి గడప దాటింది సరే, తర్వాత ఏమిటని అడిగారు. చేతిలో డబ్బు లేకపోతే దిగజారడమో, తిరిగి రావడమో తప్పదన్నారు. జిజున్‌కు జరిగింది అదే. నా మీద ఎవరికీ హక్కు లేదన్న పిల్ల వంటింట్లో, కోళ్ల మధ్య మిగిలిపోయింది. ఆమె ప్రేమించిన జువాన్‌షెంగ్ ఉద్యోగం పోయింది, ప్రేమ లేదని మొహం మీదే చెప్పేశాడు.

కథంతా అతను రాసుకున్నదే, గమనించారా? నాకు మనసు మెలిపెట్టేది అదే. ఆమె వైపు కథ మనకు ఎప్పటికీ అందదు. ఈసారి అతని పశ్చాత్తాపాన్ని కాస్త అనుమానంగా చదివి చూడండి.