ఫ్రాన్స్‌లో పాత రాతి పల్లెలు చూడాలంటే ఎక్కడ దిగాలి, ఎలా తిరగాలి?

ఒక్క ప్రాంతమే అయితే నైరుతి ఫ్రాన్స్‌లోని దొర్దోన్ నది లోయ ఎంచుకోండి. సార్లా పట్నంలో బస పెడితే బేనాక్, లా రోక్ గజాక్, దొమ్ పల్లెలు మూడూ 15 కిలోమీటర్ల లోపే. బస్సులు అరకొర కాబట్టి కారు తప్పదు. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి, అక్కడ అద్దె కార్లలో గేర్లవే ఎక్కువ. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంచుకోండి.

కారు ఊరి బయటే ఆపాలి, చాలాచోట్ల డబ్బు కట్టి. జులై, ఆగస్టుల్లో ఉదయం పది దాటితే చోటు దొరకడం కష్టం. బేనాక్‌లో ఏటి ఒడ్డు నుంచి కోట దాకా రాళ్లు పరిచిన నిట్టనిలువు ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కోట దగ్గరి పార్కింగ్‌కే వెళ్లడం మేలు. లా రోక్ గజాక్ ఇళ్లు కొండచరియకు ఆనుకుని దక్షిణం వైపు చూస్తాయి, సాయంత్రపు ఎండలో పసుపు సున్నపురాయి తేనె రంగుకు తిరుగుతుంది. ఫొటో తీయాలంటే అప్పుడే. దొమ్ 1281లో కట్టిన కోటగోడల ఊరు, అక్కడి నుంచి లోయంతా కనిపిస్తుంది.

చాలామంది దెబ్బతినేది భోజనం దగ్గరే. మధ్యాహ్నం 12 నుంచి 2 లోపు కూర్చోవాలి, ఆ తర్వాత చాలా హోటళ్లలో వంటిల్లు మూసేస్తారు. సోమవారం కొన్ని అసలు తెరవరు. సార్లా పెద్ద సంత బుధ, శనివారాల్లో. రొట్టె, జున్ను, పళ్లు కొని పెట్టుకోవచ్చు. శాకాహారులకు ఒక హెచ్చరిక: సార్లా పేరుతో వడ్డించే బంగాళాదుంప వేపుడు బాతు కొవ్వులో చేస్తారు. పైకి మాత్రం అచ్చం మన వేపుడే.