కాపాడిందీ అతనే, కాల్చిందీ అతనే

ప్రశ్న: ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చూశానండీ. అంత ఆదర్శాలున్న హీరో చివరికి అట్లా అయిపోయాడేంటి?
– ఓ పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మూడున్నర గంటలు దాటిన సినిమా, ముందు మీ ఓపికకో దండం! 1962లో డేవిడ్ లీన్ తీసిన దీంట్లో, అరబ్బుల తరఫున టర్కీ మీద పోరాడే బ్రిటిష్ అధికారి లారెన్స్ ఒక్కసారిగా పాడైపోడు. ఎడారిలో తప్పిపోయిన గాసిం అనే అరబ్బు కోసం ప్రాణాలకు తెగించి వెనక్కెళ్లినవాడే, తర్వాత తెగల మధ్య గొడవ ఆపడానికి అదే గాసింను తన చేత్తో కాల్చేస్తాడు. అసలు భయం అది కాదు, చంపడం తనకు నచ్చిందని తనే ఒప్పుకుంటాడు చూడండి, అక్కడ! కొత్త తెల్లబట్టలేసుకొని బాకులో తన మొహం చూసి మురిసిపోయినోడు, తఫాస్‌ ఊరి దగ్గర టర్కీ సైనికుల్ని ఊచకోత కోశాక నెత్తుటి బాకులో మళ్లీ అదే మొహం చూసుకుంటాడు. నల్లగొండలో సాయుధ పోరాట కథలు వింటూ పెరిగినవాళ్లం కదా, మచ్చలేని వీరుడే కావాలంటాం. నాకైతే ఈ మచ్చలున్నోడే గుర్తుండిపోయాడు.