అమ్మానాన్నలకు పాత ట్రాములు చూపించేటప్పుడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

శనివారం అమ్మానాన్నల్ని శాన్ ఫ్రాన్సిస్కో తీసుకెళ్లి పాత ట్రాములు చూపిస్తానన్నావు. మంచి పని. అయితే స్టూవర్ట్ స్ట్రీట్‌లోని రైల్వే మ్యూజియం ఒక్కటే చిన్న గది. టికెట్ లేదు, ముప్పావుగంట చాలు. అసలు మ్యూజియం బయట పట్టాల మీద తిరుగుతోంది. రెండూ కలిపి చూపిస్తేనే అంత దూరం వెళ్లినందుకు ఫలితం.

బార్ట్ రైలు దిగిన ఎంబార్కడెరో స్టేషన్ దగ్గరే ట్రాం ఎక్కించకు. ఫిషర్‌మన్స్ వార్ఫ్ రేవు వైపు వెళ్లేవి అక్కడికి వచ్చేసరికి నిండిపోతాయి, పెద్దవాళ్లు నిలబడాల్సి వస్తుంది. అదే స్టేషన్‌లో కింద మ్యూనీ (నగరం సొంత రవాణా సంస్థ) రైలెక్కి కాస్ట్రో స్టేషన్‌కు వెళ్లండి. పాత ట్రాములు నడిచే ఎఫ్ లైను మొదలయ్యేది అక్కడే కాబట్టి సీట్లు దొరుకుతాయి. మార్కెట్ స్ట్రీట్ పొడవునా వచ్చి మ్యూజియం దగ్గరే దిగొచ్చు. ఛార్జీ కట్టడానికి క్లిప్పర్ కార్డు మనిషికొకటి తీసుకో. ఒకసారి తాకిస్తే రెండు గంటలపాటు మ్యూనీలో ఇంకో బండి ఎక్కొచ్చు. నగదు ఇస్తే డ్రైవరు చిల్లర ఇవ్వడు. అరవై అయిదు దాటినవాళ్లకు ఛార్జీ తక్కువ, కానీ ఆ కార్డు వయసు రుజువు చూపించి ముందే తీసుకోవాలి. కేబుల్ కారు వేరు, దాని టికెట్ వేరు, ఖరీదు కూడా చాలా ఎక్కువ. అది రోడ్డు కింద కదిలే తాడును పట్టుకుని నడుస్తుంది. ట్రాం పైతీగలోని 600 వోల్టుల కరెంటుతో నడుస్తుంది. నాన్న తప్పకుండా అడుగుతాడు, చెప్పు.

రెండు రకాల బళ్లు ఎక్కువగా వస్తాయి. మిలాన్ నుంచి తెచ్చిన 1928 నాటి వాటిలో చెక్క బెంచీలు గోడల వెంబడి ఉంటాయి, కిటికీ వీపు వెనక పడుతుంది. గుండ్రటి ముక్కున్న, పీసీసీ అనే అమెరికన్ రకం బళ్లలో సీట్లు ముందుకే చూస్తాయి, అమ్మకు అవే నయం. ఒక్కో బండికి ఒక్కో ఊరి రంగులు వేశారు. మెట్లు ఎత్తుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉంటే ర్యాంపు వేదిక ఉన్న స్టాపులు ముందే చూసి పెట్టుకో, అన్ని చోట్లా లేవు.

మ్యూజియంలో ఫొటోల దగ్గర ఆగిపోకండి. 1911 నాటి ట్రాం ముందుభాగాన్ని అచ్చంగా కట్టి పెట్టారు, నాన్నను అక్కడ నిలబెట్టు. పాత బళ్లలో ఎడమచేతికి కంట్రోలర్ పిడి, కుడిచేతికి గాలి బ్రేకు. పిడిని మెట్టు మెట్టుగా తిప్పాలి. మొదటి మెట్లలో మోటార్లు ఒకదాని వెనక ఒకటి కలిసి వోల్టేజీని పంచుకుంటాయి, అందుకే బండి కుదుపు లేకుండా కదులుతుంది. తరవాతి మెట్లలో ఒక్కో మోటారుకూ ఎక్కువ వోల్టేజీ అందుతుంది. గబగబా తిప్పితే చక్రాలు జారడమో, పెద్ద చప్పుడుతో కరెంటు ఆపేసే బ్రేకరు పడిపోవడమో జరుగుతుంది. పీసీసీల్లో ఇదంతా కాలి పెడళ్లతోనే. ఇది చూశాక మళ్లీ బండెక్కి డ్రైవరు వెనక కూర్చుంటే, అతనేం చేస్తున్నాడో తెలుస్తుంది. దారిలో బండి ఉన్నట్టుండి ఆగితే కంగారు పడొద్దు. పైనున్న కడ్డీ తీగ మీంచి జారి ఉంటుంది. డ్రైవరు దిగి వెనక తాడు లాగి దాన్ని మళ్లీ తీగకు తగిలిస్తాడు. అప్పుడు మీరు దిగకండి, పక్క వరసలో కార్లు వస్తుంటాయి.

గోడమీది పాత ఫొటోల్లో మార్కెట్ స్ట్రీట్ మీద నాలుగు వరసల పట్టాలు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. ప్రైవేటు కంపెనీ లోపలి రెండింటి మీద, నగరం సొంత మ్యూనీ బయటి రెండింటి మీద పోటీ పడ్డాయి. మ్యూనీ 1912 డిసెంబరు 28న మొదలైంది, 1944లో రెండూ కలిశాయి. మన మద్రాసు ట్రాములు 1953లోనే ఆగిపోయాయి, ఇక్కడివి ఇంకా జనాన్ని మోస్తున్నాయంటే నాన్నకు సంతోషంగా ఉంటుంది.

మ్యూజియం అన్ని రోజులూ తెరవరు, వేళలు మారుతుంటాయి. ఆ ఉదయమే చూసుకుని బయల్దేరు. బాత్‌రూములకు ఎదురుగా ఫెర్రీ బిల్డింగ్‌కు వెళ్లండి. జులై అయినా అక్కడ సముద్రపు గాలి కోసేస్తుంది, అమ్మకు స్వెట్టరు చేతిలో ఉంచు.

మీ పెదనాన్న