తిరుపతిలో లాడ్జి కడుతున్నాం. పక్క గది శబ్దం ఎంత వినిపిస్తుందో ముందే లెక్క వేయవచ్చా?

వేయవచ్చు. శబ్దం మధ్య గోడలోంచి మాత్రమే పోదు. స్లాబు, పక్క గోడలు, తలుపు సందులు, బాత్రూమ్ డక్టు, అన్నీ దారులే. భవనాల్లో శబ్దం ఎంత దాటుతుందో అంచనా వేసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12354లో ఒక్కో దారిలో ఎంత శక్తి దాటుతుందో విడిగా లెక్కకట్టి, చివర్లో కలుపుతారు. వివరంగా లెక్కించేటప్పుడు అదీ ఒక్క అంకెతో కాదు, పౌనఃపున్యాల (ఫ్రీక్వెన్సీల) వారీగా, ఎందుకంటే సన్నటి గొంతు కంటే డప్పు మోతను ఆపడం కష్టం.

గోడ బరువు రెట్టింపైతే దాదాపు 5-6 డెసిబెల్స్ మేలు. అందుకే అందరూ నాలుగున్నర అంగుళాలా, తొమ్మిదా అని తర్జనభర్జన పడతారు. కానీ అసలు దెబ్బ సందులతోనే. 50 డెసిబెల్స్ ఆపే గోడలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే, గోడ మొత్తంగా ఆపేది 20 డెసిబెల్స్‌కి పడిపోతుంది! తెల్లవారుజామున దర్శనానికి బయల్దేరేవాళ్ల మాటలు వరండాలోంచి తలుపు కింద సందు గుండానే లోపలికి వస్తాయి. నా లెక్కలో గోడ కంటే ముందు తలుపుకే ఖర్చు పెట్టాలి.

వినే గదిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉత్త టైల్స్, ఖాళీ గోడలైతే శబ్దం మోగుతుంది. పరుపులు, కర్టెన్లతో శోషణ (గది శబ్దాన్ని పీల్చుకోవడం) రెట్టింపైతే 3 డెసిబెల్స్ తగ్గుతుంది. పైఅంతస్తులో బకెట్ ఈడ్చే చప్పుడు మాత్రం వేరే లెక్క, దానికి అదే ప్రమాణంలో రెండో భాగం ఉంది. ఇటుకల మధ్య సిమెంటు సరిగా నింపకపోయినా, రెండు గదుల స్విచ్ బాక్సులు వెనకా వెనకా వచ్చినా ఈ లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. వాటిని మేస్త్రీ దగ్గర నిలబడి చూసుకోవాల్సిందే.