ఏడు శాతం అన్నారు, సగమే వేశారు!

ప్రశ్న: అక్కా, మేం మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. నిరుడు ఒక బ్యాంకులో 7 శాతం వడ్డీ అని చూసి రెగ్యులర్ సేవర్ ఖాతా తెరిచాను. నెలకు 300 పౌండ్ల చొప్పున ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాను. మొత్తం 3,600 అయింది. 7 శాతం అంటే 252 పౌండ్లు రావాలి కదా! 136 పౌండ్ల 50 పెన్స్ వేసి ఊరుకున్నారు. ఫోన్ చేస్తే లెక్క సరిగ్గానే ఉందంటున్నారు. నా ఫ్రెండేమో అదే డబ్బు 4.5 శాతం ఫిక్స్‌డ్‌లో పెడితే 162 వచ్చేదని అంటున్నాడు. నేను మోసపోయానా?

జవాబు: మోసం ఏమీ లేదు తమ్ముడూ. ఒక కాగితం తీసుకుని నాతో పాటు రాయండి. మొదటి నెల కట్టిన 300 ఖాతాలో 12 నెలలూ ఉంది, దానికి 21 పౌండ్లు. రెండో నెల 300 ఉన్నది 11 నెలలే, దానికి 19 పౌండ్ల 25 పెన్స్. అలా నెలనెలా ఒక పౌండు 75 పెన్స్ తగ్గుతూ వస్తుంది. ఆఖరి నెల కట్టిన 300కి వచ్చేది ఆ ఒక పౌండు 75 పెన్సే. పన్నెండూ కూడండి, 136.50 వస్తుంది. మీరు 252 అనుకున్నది 3,600 మొదటి రోజు నుంచే అక్కడ ఉన్నట్టు లెక్క.

నేను ఇక్కడి ఒక బిల్డింగ్ సొసైటీ (బ్యాంకు లాంటిదే, కానీ సభ్యులదే) కౌంటర్‌లో పదకొండేళ్లు పనిచేశాను. ఏడాది పూర్తయిన ఖాతాల వాళ్లు వచ్చి అడిగేది చాలాసార్లు ఇదే ప్రశ్న. తెల్లవాళ్లు, మనవాళ్లు అన్న తేడా లేదు. మన ఊళ్లో ఆర్‌డీ లెక్క కూడా ఇలాంటిదే. కాకపోతే అక్కడ గడువు తీరాక చేతికి వచ్చే మొత్తం ముందే రాసిస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇక్కడ శాతం మాత్రం పెద్ద అక్షరాల్లో వేస్తారు. వచ్చే మొత్తం సమ్మరీ బాక్స్ అనే పట్టికలో ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. ఈసారి ఖాతా తెరిచే ముందు ఆ పట్టిక తప్పకుండా చదవండి. మధ్యలో డబ్బు తీయనిస్తారా, ఒక నెల తప్పితే ఏం చేస్తారు, ఏడాది తిరిగాక డబ్బు ఎక్కడికి పోతుంది అన్న మూడూ అందులో ఉంటాయి.

ఇక మీ ఫ్రెండు లెక్క. 162 రావాలంటే 3,600 మొదటి రోజే చేతిలో ఉండాలి. మీరు నెలనెలా జీతంలోంచి తీసి కట్టారు కాబట్టి ఆ పోలిక మీకు వర్తించదు. నిజంగానే మొత్తం ముందే ఉంటే ఒక పని చేయండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునే ఈజీ యాక్సెస్ ఖాతాలో ఆ డబ్బు పెట్టి, అందులోంచి నెలకు 300 రెగ్యులర్ సేవర్‌లోకి పంపండి. ఈజీ యాక్సెస్‌కి 4 శాతం అనుకుందాం. మొత్తం అక్కడే ఉంచితే ఏడాదికి 144 వస్తుంది. ఇలా నెలనెలా పంపిస్తే ఆగి ఉన్న డబ్బుకి సుమారు 66, ఇటు 136.50, కలిపి 202 పౌండ్లు దాటుతుంది.

నాకు ఈ ఖాతాలంటే ఇష్టం ఉండటానికి ఇంకో కారణం ఉంది. బిల్డింగ్ సొసైటీలు పుట్టిందే మన చీటీల్లాగా. 1775లో బర్మింగ్‌హామ్‌లో గోల్డెన్ క్రాస్ అనే సత్రంలో, దాని యజమాని రిచర్డ్ కెట్లీ మొదటిది పెట్టాడు. సభ్యులు నెలనెలా డబ్బు వేసేవాళ్లు. పోగయ్యాక ఒకరి తర్వాత ఒకరికి ఇల్లు. ఆ కాలం సంఘాల్లో చాలావాటికి అందరికీ ఇళ్లు అమరగానే లెక్క ముగించేసి సంఘం మూసేయడం పద్ధతి. తెనాలిలో మా అమ్మ వేసిన చీటీలు చూసి పెరిగినదాన్ని, ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఈ కథ విని ఎంత సంతోషపడ్డానో! ఇప్పటికీ సొసైటీలకు వాటాదార్లు ఉండరు, ఖాతాదార్లే సభ్యులు.

ఒక్క జాగ్రత్త మాత్రం నా అనుభవంతో చెబుతాను. స్టాండింగ్ ఆర్డర్, అంటే నెలనెలా ఒకే తేదీకి డబ్బు దానంతటదే వెళ్లే ఏర్పాటు, నెలాఖరుకి పెట్టకండి. జీతం 28న పడుతుంది కదా అని నేను నెల చివరి రోజుకి పెట్టుకున్నాను. 2015 మే 31 ఆదివారం. డబ్బు సోమవారం, అంటే జూన్ 1న వెళ్లింది. మే ఖాళీ. జూన్ 30న మళ్లీ వెళ్లేసరికి, ఈ నెల పరిమితి దాటిందని వెనక్కి పంపారు. ఆ ఖాతాలో తప్పిన నెల తర్వాత కట్టుకునే వీలు లేదు. రోజూ పదిమందికి చెప్పే నేనే అలా చేశానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 5వ తేదీకో 6వ తేదీకో పెట్టుకోండి. శని, ఆదివారాలు అడ్డొచ్చినా ఆ నెలలోనే పడుతుంది.

ఏడాది నిండే తేదీకి వారం ముందే గుర్తుచేసేలా ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి. గడువు తీరాక డబ్బు చాలాచోట్ల తక్కువ వడ్డీ ఖాతాలోకి వెళ్లిపోతుంది. టాక్స్ గురించి టెన్షన్ వద్దు. ఆదాయపు పన్ను బేసిక్ రేటులో కట్టేవాళ్లకి ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ వరకూ, హయ్యర్ రేటు వాళ్లకి 500 వరకూ పన్ను లేదు.

ప్రశ్న: పేరు కూడా వినని చిన్న బిల్డింగ్ సొసైటీలో వేస్తే డబ్బు భద్రమేనా?

జవాబు: భద్రమే. బ్యాంకుకి ఉన్న రక్షణే సొసైటీకీ ఉంది. 2025 డిసెంబర్ 1 నుంచి ఒక్కో సంస్థలో ఒక్కో మనిషికి 1,20,000 పౌండ్ల వరకూ హామీ. అంతకు ముందు 85,000 ఉండేది. వేరువేరు పేర్లున్న రెండు బ్రాండ్లు ఒకే లైసెన్సు కింద ఉంటే రెంటికీ కలిపి ఒకటే పరిమితి, అది చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, డిపెండెంట్ వీసా మీద లెస్టర్ వచ్చి రెండేళ్లయింది. ఇంటి బిల్లులన్నీ మా వారి పేరే. జీతం లేదు. నా పేరున ఖాతా తెరవడం కుదరదని మా వారు అంటున్నారు. నెలకు 25 పౌండ్లయినా దాచుకోవాలని ఉంది.

జవాబు: కుదురుతుందమ్మా. తప్పకుండా తెరవండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పొదుపు ఖాతాకి జీతం చీటీ అక్కర్లేదు. వాళ్లకి కావాల్సింది మీరెవరు, ఎక్కడుంటారు అన్నదే.

మీరెవరో చెప్పడానికి పాస్‌పోర్టు, ఈవీసా షేర్ కోడ్ (మీ వీసా వివరాలు చూపించే ఆన్‌లైన్ కోడ్) ఉన్నాయి. అడ్రసుకి, కౌన్సిల్ టాక్స్ బిల్లులో మీ పేరు కూడా చేర్చమని కౌన్సిల్‌కి మీ వారితో చెప్పించండి. దానికి ఖర్చు లేదు. ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్సుకి కూడా అప్లై చేయండి. కారు నడపకపోయినా ఆ కార్డు మీద పేరు, అడ్రసు రెండూ ఉంటాయి, చాలాచోట్ల పనికొస్తుంది.

పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, అక్షరం తేడా వద్దు. మనకి ఇంటిపేరు ముందు, వీళ్లకి వెనక. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాస్తే డబ్బు పంపేటప్పుడు పేరు కలవలేదని స్క్రీన్ మీద వస్తుంది. కౌంటర్‌లో ఉన్నప్పుడు ఒకమ్మాయి ఇదే గొడవతో మూడుసార్లు తిరిగింది. మూడోసారి మేమిద్దరం కూర్చుని పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఫారం మొత్తం మళ్లీ రాశాం. అరగంటలో అయిపోయింది.

బ్యాంకుల రెగ్యులర్ సేవర్లలో చాలావాటికి ముందు అక్కడే కరెంట్ ఖాతా (ఇక్కడ రోజువారీ మామూలు ఖాతాని అలా అంటారు) ఉండాలి. మీకు సొసైటీ సులువు. మీ ఊళ్లో బ్రాంచి ఉన్నదానికి వెళ్లండి, కొన్ని ఖాతాలు ఆ చుట్టుపక్కల పోస్ట్‌కోడ్ వాళ్లకే ఇస్తారు కూడా. పాస్‌బుక్ ఇస్తారా అని అడగండి. ఇస్తే తీసుకోండి. ఖాతా మీ ఒక్కరి పేరునే ఉండనివ్వండి. జాయింట్ ఖాతా కావాలంటే అది వేరేగా తెరుచుకోవచ్చు.

మీ వారి ఖాతా నుంచి డబ్బు పంపేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. కొన్ని సొసైటీలకు అకౌంట్ నంబరుతో పాటు రోల్ నంబర్ అని ఇంకొకటి ఉంటుంది. దాన్ని రిఫరెన్స్ గడిలో వేయకపోతే డబ్బు సొసైటీకి చేరుతుంది కానీ మీ ఖాతాలో పడదు. కౌంటర్‌లో అడిగి ఆ నంబర్ రాయించుకుని, మొదటిసారి 25 పౌండ్లే పంపి, పుస్తకంలో ఎక్కిందో లేదో చూసుకున్నాక స్టాండింగ్ ఆర్డర్ పెట్టండి.